మగశిశువు, తండ్రి ఏసోబు

“శాస్త్రిగారూ, రేపు మీరు రానక్కర్లేదండి. భోక్తలకి కూడా చెప్పెయ్యండి. మా అమ్మ తద్దినం నేను పెట్టడంలేదు.”

అంతే. అవతల శాస్త్రిగారు ‘అదేవిటండీ’ అనేలోపే ఉమామహేశ్వరరావుగారు ఫోను కట్టేసి, కళ్ళజోడు తీసి దాని పక్కన పెట్టి, వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

వంటింట్లో నువ్వులు బాగుచేస్తున్న ఆండాళ్ళుగారు చాట కింద పడేసి పరుగున వచ్చారు.

“ఏవండీ! ఇప్పుడేమన్నారు మీరు ఫోనులో?”

ఆవిడ వరండా గడప దాకా వచ్చారు.

“మిమ్మల్నేనండీ!”

ఊహుఁ. నలభై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, ఏలూరులో సగం మందికి ఛందస్సు నేర్పిన గొంతది. నిన్న సాయంత్రం నుంచీ ఆ గొంతు పెగలడం ఇదే మొదలు. అదీ ఇంట్లోవాళ్ళతో కాదు, శాస్త్రిగారితో.

ఆండాళ్ళుగారి కోపం కూతురి మీదకి మళ్ళింది.

“చూశావుటే నీ నిర్వాకం? వంశవృక్షం, వంశవృక్షం అని రెండేళ్ళుగా ప్రాణాలు తోడేశావు. ఇప్పుడు తృప్తిగా ఉందా?”

లక్ష్మీప్రసన్న డైనింగు టేబులు దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. బామ్మ తద్దినమని రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. నలభై ఆరేళ్ళొచ్చాయి గాని, బుర్రలో ఓ ప్రశ్న దూరిందంటే జవాబు దొరికేదాకా అన్నం సయించని జబ్బు మాత్రం తగ్గలేదు.

“కాగితంలో ఉన్నది నేను రాయలేదమ్మా.”

“రాయలేదు, తవ్వి తీశావు. ఎవరు తవ్వమన్నారు నిన్ను?”

ఆ కాగితం టేబులు మీదే ఉంది, ఎగిరిపోకుండా పైన స్టీలు గ్లాసు పెట్టి. పాత జనన మరణ రిజిస్టర్లు స్కాన్ చేసి పెట్టిన సైటులోంచి తీసిన ప్రింటు. తండ్రి పుట్టుక కోసం లక్ష్మీప్రసన్న ఆ సైటు మీద పడి రెండేళ్ళయింది. పేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు. రాదు మరి! పుట్టిన మూడోరోజున మునసబుకి కబురు చెప్పేటప్పటికి బిడ్డకి పేరెక్కడిది? బారసాల అయితే గదా! రిజిస్టరులో ‘మగ’ అనో ‘ఆడ’ అనో ఉంటుంది, అంతే. అది తెలిశాక పేరు మానేసి తేదీని పట్టుకుంది. గణపవరం దగ్గర తాతగారి ఊరి రిజిస్టరు పేజీ పేజీ తిప్పింది. అక్కడా లేదు. పోయిన వారం స్టాఫ్‌రూములో టీ తాగుతుంటే తట్టింది, బామ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉంటుందని. తనూ ఇద్దరు పిల్లల్ని పుట్టింటికి ఏలూరొచ్చే కన్నది, ఆ మాత్రం సంగతి రెండేళ్ళు తట్టనందుకు తన నెత్తిన తనే మొట్టుకుంది.

బామ్మ పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున మల్లవరపులంక. ఆ ఊరి రిజిస్టరు తెరిస్తే పది నిమిషాల్లో దొరికింది. పంతొమ్మిది వందల నలభై ఏడు, డిసెంబరు మూడు. జాతకంలో ఉన్న తేదీయే. ఆ నెలంతా ఊళ్ళో పుట్టిన మగపిల్లాడు ఒక్కడే. తెలియజేసినవారు అన్న గడిలో సోమయాజులు అని విడి అక్షరాల్లో సంతకం ఉంది. అంటే తాతగారే. మిగతా గళ్ళన్నీ మునసబు గొలుసుకట్టు రాత, ఈ కాలంవాళ్ళకి కొరుకుడు పడేది కాదు. పట్టలేని సంతోషంలో అదేమిటో కూడబలుక్కోకుండానే ప్రింటు తీసుకుని, నిన్న సాయంత్రం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. పైగా “మీరే చదవండి నాన్నగారూ” అంది, తెలివితక్కువది.

ఆయన పండితుడాయె. గడగడా పైకి చదివేశారు.

“మగశిశువు. తండ్రి ఏసోబు. తల్లి సూరమ్మ.”

అక్కడితో ఆగిపోయారు.

“యాభై రెండేళ్ళుగా పెడుతున్నారే,” ఆండాళ్ళుగారి గొంతు ఇప్పుడు కోపంగా లేదు. “టైఫాయిడ్ వచ్చి లేవలేని ఏడు కూడా మానలేదు మనిషి. మంచం దిగి కూర్చుని పెట్టారు. ఇవాళ అత్తగారికి పిండం లేకుండా చేశావు కదే తల్లీ!”

“చెయ్యను. రేపు నాన్నగారి చేత తద్దినం పెట్టించే పూచీ నాది. సాయంత్రందాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దని శాస్త్రిగారికి నువ్వు ఫోన్ చెయ్యి.”

ఆ పూచీ ఎలా తీరుస్తుందో తనకే తెలియదు. అయినా అనేసింది. అనేశాక ధైర్యం కూడా వచ్చింది.

వరండాలో ఆయన ఎదురింటి గోడకేసి చూస్తున్నారు. లక్ష్మీప్రసన్న మెట్టు మీద కూర్చుంది.

“నాన్నగారూ, నాతోనైనా మాట్లాడండి.”

ఆయన గోడ మీంచి చూపు మరల్చకుండానే అన్నారు.

“రేపు మూడు తరాల పేర్లు నోటితో చెప్పాలి ప్రసన్నా. మా అమ్మ పేరు, మా నాయనమ్మ పేరు, ఆవిడ అత్తగారి పేరు. గోత్రం చెప్పాలి. ఎవరి పేర్లు చెప్పమంటావు? ఎవరి గోత్రం చెప్పమంటావు? అబద్ధమాడి నీళ్ళు వదిలితే చేరతాయా?”

“అబద్ధమని ఎవరన్నారు?”

“ఆ కాగితం అంది. మా అమ్మ కూడా అంది.”

“బామ్మా?”

“చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అనేది, ‘నువ్వు నేను కొనుక్కున్న బిడ్డవిరా’ అని. ముద్దుకి అంటోంది కాబోలు అనుకున్నాను. ఈ వయసు వచ్చేదాకా అలాగే అనుకున్నాను.”

తండ్రి ముఖం అలా ఉండగా లక్ష్మీప్రసన్న ఎప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ తను వెతికింది ఈ ముఖం చూడ్డానికా!

“పిల్లలు దక్కనివాళ్ళు తవుడుకి కొనుక్కునేవారని మీరే చెప్పారు కదా. పుట్టిన బిడ్డని ఎవరికో ఇచ్చేసి, చాటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంటే యముడు జోలికి రాడని. బామ్మ అన్నది ఆ కొనడమేమో?”

“అది గుమ్మంలో జరిగే తంతు. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకుంటారు. దానికోసం గవర్నమెంటు రిజిస్టరులో కన్నకొడుక్కి ఇంకొకడి పేరు రాయిస్తారా ఎవరైనా? అందులోనూ మా నాన్న! తాలూకా కచేరీలో ముప్పై ఏళ్ళు గుమాస్తా. కాగితంలో ఓ అక్షరం తప్పు పడితే చించేసి తిరగరాసిన మనిషి.”

“మరి ఇది చూడండి. పొద్దున్నే దొరికింది.”

లాప్‌టాప్ ఆయన ఒళ్ళో పెట్టింది. ఈసారి మరణాల రిజిస్టరు. తాతగారి ఊరిదే. నలభై ఒకటిలో మగశిశువు, తొమ్మిది రోజులు. నలభై మూడులో ఆడశిశువు, నెల. నలభై అయిదులో మగశిశువు, పన్నెండు రోజులు. మూడింటికీ తండ్రి సోమయాజులు.

ఆయన మూడు పేజీలూ చదివారు. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివారు.

“ముగ్గురా? నాకు ఇద్దరన్నలూ ఓ అక్కా ఉండేవారా?” కళ్ళు తుడుచుకున్నారు. “అమ్మ ఒక్కనాడూ చెప్పలేదే!”

“బామ్మ ఆ మాట ఎందుకందో ఇప్పుడు తెలిసింది కదా నాన్నగారూ.”

“తెలిసింది.” ఆయన లాప్‌టాప్ మూసి ఆమె చేతికిచ్చేశారు. “ముగ్గురు పోయారు, నాలుగోసారి ఆశ లేదు. ఏసోబు కొడుకుని తెచ్చుకుని పెంచుకున్నారు. నువ్వు తెచ్చిన సాక్ష్యం నా మాటకే పనికొచ్చిందమ్మా.”

లక్ష్మీప్రసన్న లాప్‌టాప్ చంకలో పెట్టుకుని లేచింది. నిజమే, ఆ లెక్కన చూస్తే అంతే మరి! ఇన్ని పేజీలు తిప్పినా కాగితం రాసిందే చెబుతుంది గాని, ఎందుకు రాశారో చెప్పదు. అది చెప్పాల్సింది మనుషులే.

లోపలికి వచ్చి కారు తాళాలు తీసుకుంది.

“ఎక్కడికే?” అన్నారు ఆండాళ్ళుగారు.

“మల్లవరపులంక. ఏసోబుగారి తాలూకు ఎవరైనా ఉండకపోతారా?”

“వెళ్ళి ఏమని అడుగుతావు?”

“మా నాన్నగారు మీవాడా అని అడుగుతాను.”

“అవునంటే?”

లక్ష్మీప్రసన్న గుమ్మంలో చెప్పులు వేసుకుంది.

“అవునంటే ఆ మాటే తెచ్చి చెబుతాను. ఆయన దగ్గర దాచను.”

ఆండాళ్ళుగారు తల పట్టుకుని కూర్చున్నారు. కారు గేటు దాటుతుంటే వరండాలోంచి ఉమామహేశ్వరరావుగారి గొంతు వినిపించింది.

“ప్రసన్నా! వాళ్ళతో మర్యాదగా మాట్లాడు.”

*

కైకలూరు రోడ్డెక్కితే రెండువైపులా చేపల చెరువులే. ఎండకి నీళ్ళు తళతళలాడుతున్నాయి, నీళ్ళని చిలికే ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి. మల్లవరపులంక మొదట్లో చెరువుగట్టు మీద ఓ పెద్దాయన మేత బస్తాలు దింపిస్తుంటే కారాపి, ఏసోబు, సూరమ్మల ఇల్లెక్కడని అడిగింది. అబ్బాయిరాజుగారట ఆయన పేరు.

“మంత్రసాని సూరమ్మగారాండీ? ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందండి. కూతురుగారున్నారు, వరదానంగారని. గవర్నమెంటాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను పుట్టింది ఆవిడ చేతుల్లోనేనండి. చర్చి పక్కనే డాబా, ఎవరినడిగినా చెబుతారు.”

మంత్రసాని! తవుడు తంతులో బిడ్డని ముందు పుచ్చుకునేది మంత్రసానే కదా. లక్ష్మీప్రసన్నకి ఆ ఒక్క మాటతో సగం ప్రాణం లేచొచ్చింది.

డాబా ముందు నీడలో ఎనభై దాటిన ఆవిడ కుర్చీలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పొడుగాటి మనిషి, తెల్లచీర, వెన్ను ఇంకా వంగలేదు.

“నమస్కారమండీ. నేను ఏలూరు నుంచి వచ్చాను. సోమయాజులుగారని, ఈ ఊరి అల్లుడు. ఆయన మనవరాలిని.”

గింజలు తీసే చెయ్యి ఆగింది.

“చెల్లాయమ్మగారి మనవరాలాండీ మీరు?”

“అవునండి.”

“ఆ పిల్లాడు బాగున్నాడా?”

“ఏ పిల్లాడండీ?”

“ఇంకే పిల్లాడు, మా అమ్మ చేతిలో పెట్టిన పిల్లాడు!”

లక్ష్మీప్రసన్న అరుగు మీద కూలబడింది. సంచీలోంచి కాగితం తీసిచ్చి, నిన్నటి నుంచీ ఇంట్లో జరిగినదంతా చెప్పింది. తద్దినం మానేస్తానన్న సంగతి దగ్గర మాత్రం ఏడుపొచ్చింది. వరదానంగారు కాగితం దూరంగా పెట్టుకుని చూసి, ఒక్కసారి ఘొల్లున నవ్వేశారు.

“రాయించాడన్నమాట! మహానుభావుడు, అన్నంత పనీ చేశాడు!”

“ఏమిటండీ అది?”

“చెబుతాను, ఉండండి.”

“నాకు కాదండి. ఆయనకి చెప్పండి.” లక్ష్మీప్రసన్న తల్లికి ఫోన్ చేసింది. “అమ్మా, ఫోను నాన్నగారి దగ్గరికి తీసుకెళ్ళి స్పీకరు పెట్టు. సూరమ్మగారి అమ్మాయి వరదానంగారు మాట్లాడతారు, మీ ఇద్దరూ వినండి.”

వరదానంగారు ఫోనుకి దగ్గరగా జరిగి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మొదలుపెట్టారు.

“నాకప్పుడు ఎనిమిదేళ్ళండి. మా అమ్మ వెంట నీళ్ళ బిందె మోసుకుని వెళ్ళేదాన్ని. ముగ్గురు పోయాక చెల్లాయమ్మగారిని నాలుగో కాన్పుకి ఇక్కడికి తెచ్చారు. మీరు పుట్టగానే, తల్లికి కూడా చూపించకుండా మా అమ్మ ఒళ్ళో పెట్టేశారు, ‘నీ బిడ్డే, మాది కాదు’ అని. చెల్లాయమ్మగారు అటు తిరిగి పడుకుని నోట్లో కొంగు కుక్కుకున్నారు, ఏడుపు వినిపించకుండా. నా కళ్ళతో చూశానండి. అందరూ చేసే తవుడు తంతే అది. కానీ మీ నాన్నగారికి అంతటితో ధైర్యం చాల్లేదు.”

“ఎందుకని?” అంది లక్ష్మీప్రసన్న.

“కచేరీ గుమాస్తా బుర్ర కదండీ! యముడి దగ్గర చిత్రగుప్తుడుంటాడు, ఆయన దగ్గర చిట్టా ఉంటుంది. ఇక్కడి రిజిస్టరులో తన పేరుంటే అక్కడ తేడా కనిపెట్టేస్తారట! మునసబుగారు వద్దన్నా వినకుండా మా నాన్న పేరు వేయిస్తానని పట్టుపట్టారు. మా నాన్న నవ్వాడు. ‘యముడు కచేరీ కాగితాలు చూసుకుని వస్తాడాండీ అయ్యగారూ?’ అంటే, ‘ఏమో ఏసోబూ, ముగ్గుర్ని పట్టుకెళ్ళాడు, ఈసారి నేను ఏ కాగితమూ వదలను’ అన్నారు. అది చెప్పి చెప్పి మా నాన్న పోయేదాకా నవ్వేవాడండి.”

లక్ష్మీప్రసన్నకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తప్పు రాతంటే పడని తాతగారు జన్మలో ఒకే ఒక్క తప్పు కావాలని రాయించారు, కొడుకు బతకాలని!



“మీకు నమ్మకం కుదరకపోతే చూసుకోండి,” అన్నారు వరదానంగారు. “పదకొండో రోజున తవుడు కొలిచిచ్చి మిమ్మల్ని కొనుక్కున్నాక, కొన్న బిడ్డకి గుర్తుగా మా అమ్మే ముక్కు కుట్టింది. కుడివైపు. మచ్చ ఉండాలి.”

ఉంది. లక్ష్మీప్రసన్నకి తెలుసు. స్ఫోటకం మచ్చ అని చెప్పేవారు ఆయన.

“ఉందండీ, ఉంది!” ఆండాళ్ళుగారు అవతల బావురుమన్నారు.

ఆ తరవాత ఉమామహేశ్వరరావుగారి గొంతు వచ్చింది, మెల్లగా.

“పదకొండో రోజు అన్నారు. అప్పటిదాకా నేనెక్కడున్నానండీ? పాలెవరిచ్చారు?”

పండితుడు కదా, ఒక్క మాట కూడా జారిపోనివ్వలేదు.

“మా అమ్మే ఇచ్చిందండి. మీ తాతగారి పశువుల సావిట్లో గోనెపట్టా వేసుకుని, పదకొండు రోజులూ మిమ్మల్ని ఒళ్ళోంచి దింపలేదు. మా తమ్ముడప్పటికి ఆరు నెలలవాడు. వాడికి నేను ఇంటి దగ్గర గంజి పట్టేదాన్ని. పాలు మీకు.”

“మీ తమ్ముడు?”

“వాడికేమండీ, గుండ్రాయిలా ఉన్నాడు! రైల్వేలో చేసి రిటైరయ్యాడు.” కాస్త ఆగి, అదే గొంతుతో అన్నారు. “ఏడాదికోసారి పిల్లాణ్ణి తెచ్చి చూపిస్తానని మీ నాన్నగారు మా అమ్మకి మాటిచ్చారు. తేలేదు. భయమో, మరొకటో. ఏలూరు వైపు నుంచి ఎవరొచ్చినా అడిగేది మా అమ్మ, ‘ఆ పిల్లాడు బాగున్నాడా’ అని. పోయేదాకా అడిగింది. ఇందాక మీ అమ్మాయిని అందుకే అడిగానండి, అమ్మ తరఫున.”



“ఆండాళ్ళూ, శాస్త్రిగారికి మళ్ళీ ఫోన్ చెయ్యి,” అన్నారు ఉమామహేశ్వరరావుగారు. “రేపు మా అమ్మ తద్దినం పెడుతున్నాను.”

లక్ష్మీప్రసన్న పూచీ తీరింది.

“అక్కా!”

ఎవరిని పిలుస్తున్నారో ఎవరికీ ఓ పట్టాన అర్థం కాలేదు. ఉన్న ఒక్క అక్కా పసిగుడ్డుగానే పోయింది మరి.

“మిమ్మల్నేనండీ వరదానక్కా. రేపు మా ఇంటికి రావాలి మీరు. మా అమ్మ పేరున వండిన అన్నం మీరు తినాలి.”

రేపు ఆ వంటింట్లోకి తడిబట్ట కట్టుకోకపోతే లక్ష్మీప్రసన్నకే ప్రవేశం లేదు. ఆండాళ్ళుగారి మడి సంగతి తనకి తెలియనిదా! సొంత మనవల్ని కూడా గుమ్మం అవతలే నిలబెడతారు ఆ రోజు.

ఫోను అవతల ఆండాళ్ళుగారు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

వరదానంగారు చేతికంటిన చింతపండు కొంగుకి తుడుచుకున్నారు.

“మా అమ్మ పదకొండు రోజులు పాలిచ్చింది గాని, సావిడి దాటి లోపలికి రానివ్వలేదండి మీవాళ్ళు. అప్పటి రోజులు అవి, తప్పు పట్టను. కానీ నాకిప్పుడు ఎనభై ఆరు. పిలుస్తున్నది మీరొక్కరేనా, మీ ఇల్లు పిలుస్తోందా? మీ ఆవిడగారిని అడిగారాండీ?”

లక్ష్మీప్రసన్న ఫోనుకేసి చూసింది. అమ్మ ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే బాగుండును.

“ప్రసన్నా.” ఆండాళ్ళుగారి గొంతు బొంగురుపోయింది. “స్పీకరు తీసేసి ఫోను ఆవిడ చేతికివ్వు.”

ఇచ్చింది. వరదానంగారు ఫోను చెవికి ఆనించుకుని విన్నారు. అవతల మాట వినిపించదు, ఇవతల ముఖంలో ఏమీ కనిపించదు. ఓసారి “అలా అనకండమ్మా” అన్నారు. మళ్ళీ చాలాసేపు విన్నారు. ఆఖరికి ఫోను తిరిగిచ్చేశారు.

“ఏమందండీ మా అమ్మ?”

“రమ్మన్నారు. ఇంకొకటి కూడా అడిగారు.”

“ఏమని?”

“అది మా ఆడవాళ్ళ మధ్య. జవాబు ఫోనులో చెప్పేది కాదు, ఆవిడ ముఖం చూసి చెప్పాలి.” వరదానంగారు లేచి, తలుపు దగ్గరికి లాగి తాళం వేశారు. “రేపటిదాకా ఎందుకండీ, ఇప్పుడే వెళ్దాం. కారు ఇటు తిప్పండి.”